మామిడి కొత్తకు ముందు

ఆ రోజు ఇంట్లో మామ్మ గురుబారి ఉంది. నాన్న సుక్రు ఉన్నాడు. పొయ్యి దగ్గర అమ్మ ఉంది. గుమ్మంలో, కట్టిన సంచీ మీదే కూచుని రత్నాలత్త ఉంది. మూల బుట్ట కింద పొదుగుతున్న కోడిపెట్ట ఉంది. వీళ్ళలో ఎవరికీ అడ్డం రాకుండా ఎక్కడ నిలబడాలో తెలియక, గోడకు వీపు ఆనించి వెన్నెల ఉంది.

జీపు ఇంకా కింద రోడ్డు మీదికి రాలేదు. జామిపుట్టు నుంచి పాడేరు వెళ్ళాలంటే ఆ జీపే దిక్కు. పాడేరులో బస్సెక్కి విశాఖపట్నం, అక్కడినుంచి విమానంలో బెంగుళూరు. బెంగుళూరులో కాఫీ సంత పెడుతున్నారనీ, జామిపుట్టు ఆడవాళ్ళ సంఘం ఎండబెట్టిన గింజకు మంచి పేరొచ్చిందనీ, సంఘం తరఫున ఇద్దరు రావాలనీ సొసైటీలో పనిచేసే ప్రసాద్ సారు కబురు చేశాడు. సంఘానికి పెద్ద రత్నాలు. ఆమె సుక్రుకు చెల్లెలు. మగడు పోయాక పుట్టింటికి వచ్చి, అన్న కొండవాలులోనే సగం నేలలో కాఫీ మొక్కలు పెంచుకుంటోంది. చదువు రాదు. పదో తరగతి పరీక్షలు రాసి హాస్టలు నుంచి ఇంటికొచ్చిన మేనకోడల్ని తోడు అడిగింది.

సుక్రుకు ఈ ప్రయాణం గిట్టలేదు. గిట్టలేదని గట్టిగా అనే మనిషి కాదు. వెదురు బుట్ట అంచు బిగిస్తూ, చేతిలోని బద్దతోనే మాట్లాడుతున్నట్టు తలెత్తకుండా అన్నాడు.

"ఊర్లో అప్పుడే అంతన్నారు. సుక్రు ఇంటి ఆడోల్లు కొత్తకి ముందు ఊరు దాటుతన్నారని. ఎల్లండి. ఏ మాటా రాకుండా వొచ్చీయండి. వొచ్చినారా, వానలకి గుంటని పాడేరు కాలేజీలో ఏసేత్తాను. మాటొచ్చిందా, ఇంక సదువూ నేదు, సంఘమూ నేదు."

పాడేరు కాలేజీ అన్న మాట వినగానే వెన్నెల ముఖం వెలిగింది, 'మాటొచ్చిందా' అనగానే ఆరిపోయింది. ఆ పిల్ల నోరు ఎంత మూసుకుని ఉంటుందో ముఖం అంత తెరుచుకుని ఉంటుంది. మామ్మ అది చూసి బోసినవ్వు నవ్వింది.

"దీని మొకం గెడ్డలో నీల్లు. అడుగునున్న గులకరాయి కూడా కనబడిపోతాది," అంటూ మనవరాలి మణికట్టు పట్టుకుని పెరట్లోకి తీసుకుపోయింది.

పెరట్లో మామిడిచెట్టు నిండా పిందెలు. కొన్ని పిందెలు దాటి కాయలయ్యాయి. గాలికి రాలినవి నేల మీద అలాగే పడి ఉన్నాయి. వాటిని తొక్కకుండా నడవాలి, ఏరకూడదు, ఉప్పు గుర్తుకొచ్చినా గుటక మింగకూడదు. ఊళ్ళో ఏ చిన్నపిల్లనడిగినా చెబుతుంది. ఊరి పూజలు చూసే దిసారి రోజు చూసి చెప్పి, జాకరమ్మ రాయి దగ్గర మామిడి కొత్త పండుగ జరిగి, ఆ తల్లి తిన్నాకే మనుషులు తినాలి. అప్పటిదాకా కాయ కాయగా ఎదగాలి, పిట్టలూ కోతులూ తమ వంతు తినాలి. ఆ రోజున రాయి ముందు మొదటి కాయ కోసేది గురుబారి. ఆమె అత్తగారు పోయినప్పటినుంచీ ఆ పని ఆమెదే. అందుకోసమే ఒక కత్తి ఉంది. ఏడాదంతా చూరులో గుడ్డ చుట్టి ఉంటుంది, ఇంకో కాయను కానీ కూరను కానీ తాకదు.

మామ్మ వెన్నెల అరచేతిని మామిడి మానుకు ఆనించింది.

"ఆ ఊర్లల్లో మామిడి కనబడతాది. కొత్త అయ్యేదాకా నోట ఎట్టకు. ఊరు దాటినా ఊరి కట్టు ఊరి కట్టే."

వెన్నెల తలూపింది. కింద జీపు హారను మోగింది.

* * *

బెంగుళూరులో రత్నాలు పనంతా ఒక బల్ల వెనక నిలబడడం. ఇంట్లో వేపినట్టే మట్టి మూకుడులో గింజలు వేపి చూపించమన్నారు. వేపింది. పొగ రాకూడదని చిన్న కరెంటు పొయ్యి ఇచ్చారు. దాని మీద మూకుడు నిలవక జారిపోతుంటే వెన్నెల రెండు వైపులా గుడ్డ పట్టుకుని ఆపింది. జనం వచ్చారు, వాసన చూశారు, ఫొటోలు తీసుకున్నారు. నవ్వమన్నప్పుడల్లా రత్నాలు నవ్వింది. సాయంత్రానికి దవడలు నొప్పెట్టాయని మేనకోడలితో చెప్పి నిజంగా నవ్వింది.

తిరుగు ప్రయాణంలో హైదరాబాదులో విమానం మారాలి. రెండో విమానానికి కొంచెం వ్యవధి ఉంది. ప్రసాద్ సారు మంచివాడే కానీ ఆయన చెవి ఎప్పుడూ ఫోనుకే అతికి ఉంటుంది. ఆ ఫోనులో మాట్లాడుతూనే వాళ్ళిద్దరినీ పొడుగాటి గాజు నడవలోంచి నడిపించి, ఒక తలుపు ముందు ఆపి, అక్కడి అమ్మాయికి తన కార్డు చూపించాడు. లోపల అంతా ఉచితమని చెప్పాడు. టిఫిన్ చేయండి, కాఫీ తాగండి, నేను వచ్చి పిలుస్తాను, కదలకండి అన్నాడు. మళ్ళీ ఫోను చెవికి పెట్టుకుని వెళ్ళిపోయాడు.

గాజు తలుపు దానంతట అదే పక్కకు జరిగింది. రత్నాలు గుమ్మంలో ఆగి, రెండు చెప్పులూ విడిచి, గోడ వారగా జతగా పెట్టింది. లోపలంతా బూట్లు వేసుకునే తిరుగుతున్నారని ఆమె చూసింది. అత్తకు ఆ మాట చెప్పాలంటే నలుగురిలో నోరు తెరవాలి. తెరవలేక తనూ చెప్పులు విడిచి అత్త చెప్పుల పక్కన పెట్టింది. కార్డులు చూసే అమ్మాయి పరుగున వచ్చి, వేసుకోవచ్చమ్మా అని మెల్లగా చెప్పింది. ఇద్దరూ మళ్ళీ తొడుక్కున్నారు. అయినా రత్నాలు ఆ మెత్తటి తివాచీ మీద పాదం పూర్తిగా ఆనించలేదు. ఎవరింట్లోనో అలికిన నేల తడారకముందే దాటుతున్నట్టు మునివేళ్ళ మీద నడిచింది.

ఇద్దరూ గోడ పక్క సోఫాలో అంచున కూచున్నారు. సంచీ ఒళ్ళో పెట్టుకున్నారు. ఎదురుగా పొడవాటి బల్ల మీద మూతలు పెట్టిన గిన్నెలు, వాటి కింద చిన్న మంటలు. ఇడ్లీల ఆవిరి, ఉప్మాలో వేగిన ఆవాల వాసన. గోడకు పెద్ద కాఫీ బొమ్మ. అందులో ముక్కుకు మూడు పోగులు పెట్టుకున్న కొండ మనిషి ఎర్రటి కాఫీ పండ్లు దోసిట్లో పట్టుకుని నవ్వుతోంది. రత్నాలు ఆ బొమ్మను చాలాసేపు చూసింది.

"ఈవిడిది ఏ ఊరో?" అంది. "పాపం, దవడలు ఎంత లాగీసినాయో."

వాళ్ళు పొద్దుట కాఫీ చుక్క తాగి బయలుదేరారు. ఆకలి దంచేస్తోంది. ఒకాయన వచ్చి పళ్ళెం నింపుకుని, తిని, వెళ్ళిపోయాడు. ఒక ఆవిడ పిల్లవాడికి మూడు రకాలు పెట్టి, రెండు రకాలు వదిలేసి వెళ్ళింది. ఇంకో ఇద్దరు వచ్చారు. వెన్నెల అంతా గమనించింది. ఇక్కడ వడ్డించేవాళ్ళు లేరు, ఎవరికి వాళ్ళే లేచి పెట్టుకోవాలి. ఆ సంగతి అత్త చెవిలో గొణిగింది.

రత్నాలు కనుబొమ్మలు ముడిచింది. "ఎవులింటికైనా ఎల్లి, ఆల్లు పిలవకుండా పొయ్యికాడికి ఎల్లిపోతామేటి? పిలవనీ."

ఎవరూ పిలవలేదు. చేతులు కడుక్కోమని చెంబు ఇచ్చినవాళ్ళు లేరు. వచ్చారా, బాగున్నారా అన్నవాళ్ళు లేరు. రత్నాలు వెన్ను నిటారుగా పెట్టుకుని, ఆకలి తనది కానట్టు, పిలుపు కోసం మర్యాదగా ఎదురుచూస్తూ కూచుంది. వెన్నెల పక్కన కూచుని చున్నీ కొసను వేలికి చుట్టి విప్పి, మళ్ళీ చుట్టింది.

బల్లలు తుడిచే మనిషి వాళ్ళ ముందునుంచి రెండుసార్లు వెళ్ళింది. నల్ల చొక్కా మీద నిర్మల అని పేరు ఉంది. మూడోసారి ఎంగిలి పళ్ళేల దొంతర చంకన పెట్టుకుని వెళ్తూ ఆగింది. వాళ్ళ ఖాళీ బల్లను చూసింది, ఒళ్ళో సంచీలను చూసింది.

"ఏటప్పా, తినకుండా కూకున్నారు?"

అప్పా అన్న పిలుపుకే రత్నాలు ముఖం విచ్చుకుంది. మీదే ఊరమ్మా అని అడిగింది. పార్వతీపురం దగ్గర అని నిర్మల చెప్పింది. రత్నాలు తమది పెదబయలు పైన అని చెప్పి, అప్పుడు, ఫిర్యాదులా కాకుండా, ఉన్నమాట చెబుతున్నట్టు అంది.

"మీరు పిలవాల కదా అమ్మా. పిలవకుండా ఎలా తింతాం?"

నిర్మల ముందు నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగింది. పళ్ళేల దొంతర తీసుకెళ్ళి లోపల పెట్టి, చేతులు కడుక్కుని వచ్చింది.

"ఇక్కడ సేరినకాడినించీ నన్ను పిలవమని అడిగినోల్లు మీరే అప్పా. రండి, సేతులు కడుక్కోండి. నేను ఎడతాను."

పెట్టింది. ఇడ్లీ పెట్టింది, ఉప్మా పెట్టింది, వద్దంటున్నా ఇంకో ఇడ్లీ పెట్టింది. ఆమె పైఅధికారి ఎక్కడినుంచో ఆమెను పిలిచాడు. వస్తన్నా సార్ అందే కానీ వెళ్ళలేదు. రత్నాలు తిని, చేతులు కడుక్కోవడానికి మళ్ళీ వెళ్ళింది. ఆ కాస్త సేపట్లోనే నిర్మల రెండు గ్లాసులు తెచ్చింది. ఒకటి బల్ల మీద పెట్టి, ఒకటి రెండు చేతులతో వెన్నెలకు అందించింది.

"తాగమ్మా. కొత్త కాపు. ఈ వారమే మొదలెట్టినారు."

గ్లాసు పెదవి దాకా రాకముందే వెన్నెలకు తెలిసిపోయింది. పచ్చి మామిడి. జీలకర్ర చల్లారు, చక్కెర కలిపారు, ఐసు వేశారు. అయినా వాటన్నిటి అడుగున సొన వాసన దాగలేదు. అది ఇంటి పెరటి వాసన. అరచేతికి మామిడి మాను బెరడు గరుగ్గా తగిలినట్టయింది.

వద్దని చెప్పాలి. మాకు కొత్త కాలేదని చెబితే చాలు, పార్వతీపురం మనిషికి అర్థమయ్యేది. కానీ నిర్మల చేతులు ఇంకా అలా చాచే ఉన్నాయి. ఆ చేతులు ఇప్పుడే వాళ్ళకు వడ్డించాయి. పైఅధికారి పిలుస్తున్నా వెళ్ళకుండా నిలబడ్డాయి. రెండు చేతులతో ఇచ్చినది తోసేయడం కూడా వాళ్ళ ఊళ్ళో తప్పే. వెన్నెలకు ఎటు చూసినా తప్పే కనిపించింది. నోరు తెరిస్తే మాట రాదు. గ్లాసు అందుకుని ఒక గుక్క తాగింది.

నిర్మల తృప్తిగా చూసి, పిలిచిన వైపు గబగబా వెళ్ళిపోయింది.

అక్కడితో ఆపవచ్చు. ఇచ్చిన మనిషి వెళ్ళిపోయింది, చూసేవాళ్ళు లేరు. వెన్నెల గ్లాసులోకి చూసింది. పుల్లదనం చెవుల కింద జివ్వుమంటోంది. ఎండలో వేచిన రోజులన్నీ, ఉప్పు గుర్తొచ్చి గుటక మింగిన సాయంత్రాలన్నీ నాలుక మీద కరుగుతున్నాయి. మిగిలినదంతా తాగేసింది. ఐసు ముక్క కూడా చప్పరించింది.

రత్నాలు వచ్చి కూచుని తన గ్లాసు అందుకుంది. ముక్కు దగ్గరికి తెచ్చి ఆగింది. అలాగే బల్ల మీద పెట్టేసింది. ఖాళీ గ్లాసు వైపు చూసింది, తర్వాత మేనకోడలి వైపు చూసింది. చీర కొంగు వేలికి చుట్టి, వెన్నెల పై పెదవి మీదున్న పచ్చటి నురగను ఇటునుంచి అటు మెల్లగా తుడిచింది.

నిర్మల తిరిగి వచ్చి, తాగలేదేమప్పా అని అడిగితే, పళ్ళు జివ్వుమంటాయమ్మా అంది రత్నాలు. వెళ్ళేముందు నిర్మల రెండు చేతులూ పట్టుకుని, ఎప్పుడైనా కొండకు రా, నేను పిలుస్తాను, నేను ఎడతాను అని చెప్పింది.

* * *

వాళ్ళు వెళ్ళిన తర్వాత కొండ మీద జల్లు పడింది. ఆ జల్లుకు కాఫీ పూసింది. జీపు దిగి వాలు ఎక్కుతుంటే ముందు వాసన వచ్చింది, తర్వాత కొమ్మలు కనిపించాయి. ప్రతి కొమ్మా కణుపు కణుపుకూ తెల్లగా గుత్తులు కట్టింది. పూత మీద ఉన్నప్పుడు తోటలోకి వెళ్ళరు. కొమ్మకు చెయ్యి తగిలితే ఆ కణుపు కాపు పోయినట్టే. రత్నాలు గట్టు మీదే నిలబడి చెట్టు చెట్టునూ కళ్ళతో తడిమింది. ఈ పూత నిలిస్తే ఇంకో నాలుగు ఇళ్ళ ఆడవాళ్ళు సంఘంలో చేరతారని అంది.

ఇంట్లో కొత్తకు పనులు మొదలయ్యాయి. అమ్మ ఎర్రమట్టి తడిపింది. వెన్నెల మోకాళ్ళ మీద కూచుని గడప నుంచి లోపలికి నేల అలుకుతోంది. మట్టి అలుకులో చెయ్యి అర్ధచంద్రంలా తిరగాలి. ఒక చంద్రవంక అంచును ఇంకోటి తొక్కకూడదు. మామ్మ అరుగు మీద కూచుని, చూరులోంచి కత్తి తీసి, గుడ్డ విప్పి, రాతి మీద నూరుతోంది. కత్తి మీద చెయ్యి ఆపకుండానే అడిగింది.

"నోరు సుబ్బరమేనా, గుంటా?"

వెన్నెల అలుకుతున్న చంద్రవంక వంకర పోయింది. తలెత్తకుండా ఊపింది. మామ్మ కాసేపు మనవరాలి మెడ వెనక భాగాన్ని చూసింది.

"ఊఁ," అంది. మళ్ళీ కత్తి నూరుకుంది.

మర్నాడు మధ్యాహ్నం గాలి ఉన్నట్టుండి ఆగిపోయింది. పిట్టలు నోరు మూసుకున్నాయి. గాలికొండ వైపు ఆకాశం నల్లబడలేదు, గాయంలా పచ్చబడింది. మొదటి వడగల్లు రేకు మీద పడి ఠంగుమంది. రత్నాలు చాటను నెత్తిన బోర్లించుకుని వాలు వైపు పరుగెత్తింది. వెన్నెల ఇంకో చాట అందుకుని ఆమె వెనకే పరుగెత్తింది. వెళ్ళి ఏం చేస్తారు? కొండ మొత్తానికి కప్పడానికి ఎవరి దగ్గర చాట ఉంది? ఇద్దరూ గట్టు మీద చాటల కింద నిలబడి చూశారు. రాళ్ళ వాన ఆకుల్లోంచి పూలను ఊడ్చుకుపోయింది. నేలంతా తెల్లబడింది. ఏది వడగల్లో ఏది పువ్వో తెలియలేదు. తర్వాత ఎండ వచ్చింది. వడగళ్ళు కరిగిపోయాయి, పూలు మిగిలాయి. సాయంత్రానికి అవీ గోధుమ రంగుకు తిరిగాయి.

రత్నాలు ఒక విరిగిన కొమ్మను పైకెత్తి, విరిగిన చోట బొటనవేలు పెట్టి పట్టుకుంది. మొక్క బతుకుతుందో లేదో చూస్తోందని వెన్నెల అనుకుంది. కానీ అత్త కొమ్మను చూడడం లేదు. దూరంగా, ఏదో లెక్కగట్టే మనిషిలా, ఊరి వైపు చూస్తోంది.

* * *

పొద్దున్నే ఊరి చాటింపు వేసే బారికి వీధిలో కేక వేసుకుంటూ వెళ్ళాడు. ఊరంతా జాకరమ్మ రాయి దగ్గరికి రావాలి. కొత్తకు ముందు ఎవరి నోటనో మామిడి పడింది, లేకపోతే పూత మీద ఇలా పడదు అని దిసారి ఫల్గుణ అన్నాడట. తిన్నవాళ్ళు తామే రాయి మీద చెయ్యి వేసి చెప్పుకోవాలి. తప్పు కింద ఇంటినుంచి మేక ఇవ్వాలి. ఈ ఏడాది కొత్తలో కూచోకూడదు. అయితే ఊరు వేయబోయే తప్పు కంటే ఊరు అనబోయే మాట పెద్దది. వీధిలో ఆ మాట అప్పటికే నడుస్తోంది. ఊరు దాటినోళ్ళను అడగండి అంటూ.

సుక్రు అది విన్నాడు. లోపలికొచ్చి, పీట మీద కూచుని, చెల్లెల్ని చూశాడు.

"అక్కడ ఏటైనా నోట పడిందేటి, రత్నాలూ?"

రత్నాలు తడుముకోలేదు. "పడింది. ఐద్రాబాదులో ఒక గుంట గ్లాసు తెచ్చిచ్చింది. తాగీసినాను. రాయికాడ నేనే సెప్పుకుంతాను."

సుక్రు రెండు అరచేతులతో ముఖం తుడుచుకున్నాడు. కోప్పడలేదు. అదే ఇంకా కష్టంగా ఉంది. గోడ దగ్గర నిలబడ్డ వెన్నెలకు అత్త కొంగు గుర్తొచ్చింది. పై పెదవి మీద ఇటునుంచి అటు మెల్లగా జరిగిన ఆ కొంగు. అత్తకు అప్పుడే తెలుసు. దారంతా తెలుసు. రాత్రి పక్కన పడుకున్నప్పుడూ తెలుసు. ఇప్పుడు తాగని గ్లాసు తాగానని రాయి మీద చెయ్యి వేస్తానంటోంది.

"అత్త తాగనేదు," అంది వెన్నెల.

గొంతు ఎవరిదో అన్నట్టు అమ్మ పొయ్యి దగ్గరినుంచి వెనక్కి తిరిగింది.

"నేను తాగాను. అత్త గ్లాసు అలాగే ఒదిలీసింది."

ఊరుకోవే అంది రత్నాలు, పెదవులు కదిలీ కదలకుండా. కానీ వెన్నెలలో ఏదో గట్టు తెగింది. మామ్మ వైపు తిరిగి చెప్పింది.

"మొదటి గుక్క ఆవిడ రెండు చేతులతో ఇచ్చిందని తాగాను మామ్మా. మిగిలింది బాగుందని తాగాను. నువ్వు అడిగితే తలూపాను."

సుక్రు లేచాడు. మేకుకు వేలాడుతున్న బడి సంచీ దగ్గరికి వెళ్ళి, దాన్ని దించలేదు, పట్టీని మాత్రం పట్టుకుని నిలబడ్డాడు. "మాటొచ్చీసింది కదా," అన్నాడు. కూతురితో అన్నాడో సంచీతో అన్నాడో తెలియలేదు.

మామ్మ ఇంతసేపూ అరుగు మీదే కూచుని అంతా వింది. చేతికర్ర ఆనించుకుని గడప లోపలికి వచ్చింది. మనవరాలి గడ్డం పట్టుకుని పైకెత్తి చూసింది.

"బాగుంటాది. ఏల బాగోదు," అంది. "నువ్వు తలూపినప్పుడే నాకు తెలిసింది. నీకే సెప్పడం రావాలని ఊరుకున్నాను."

తర్వాత కొడుకు వైపు తిరిగింది.

"సుక్రూ, బుర్ర పెట్టి విను. ఊరు దాటినోల్లు తిన్నారని తేలిందనుకో. ఇంక ఈ ఊరి ఆడకూతురు ఏ జీపూ ఎక్కదు. సంతకీ ఎల్లదు, సదువుకీ ఎల్లదు. మన గుంట ఒక్కర్తే కాదు, దీని వెనకాల పుట్టినోల్లు కూడా. ఇంటికాడున్న ముసల్ది ఆశపడి తినీసిందనుకో. పాడు నోరు ముసల్దానిదే అవుతాది. అక్కడితో సరి."

"నువ్వు తిన్నానంటే ఎవులు నమ్ముతారే అమ్మా?" అంది రత్నాలు. "నమ్మినా, రాయి మీద సెయ్యేసి అబద్దమాడతావేటి?"

మామ్మ కర్ర పొడుచుకుంటూ పెరట్లోకి వెళ్ళింది. చెట్టు కింద వడగళ్ళకు రాలిన కాయలు చాపలా పరుచుకుని ఉన్నాయి. ఆమె నడుము పట్టుకుని వంగి, ఒకటి ఎంచి, తీసి, తొడిమ దగ్గర కారిన సొన కొంగుతో తుడిచింది. ఆడవాళ్ళు ముగ్గురూ పెరటి గుమ్మంలో నిలబడిపోయారు. వాళ్ళ వెనక, సంచీ పట్టీ వదలకుండానే సుక్రు చూస్తున్నాడు. ఆమె చెట్టు వైపు కానీ వాళ్ళ వైపు కానీ చూడలేదు. మిగిలిన పక్క పళ్ళతో కాయను కొరికింది.

గట్టి కాయ. చెక్క విరిగిన చప్పుడైంది. పులుపుకు ముఖమంతా నలిగి, ఒక కన్ను మూసుకుపోయింది. మింగడానికి వీల్లేక చాలాసేపు నమిలింది. కొత్త రోజున మొదటి ముక్క రాయికి పెట్టి, రెండో ముక్క ఊరికి పంచి, అందరూ తిన్నాక ఆఖరున తినే మనిషి ఆమె. అలా తినని ఏడాది ఏదీ వెన్నెలకు తెలియదు. అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మామ్మ గొంతు ఒకసారి పైకి కదిలి కిందికి దిగింది.

"ఇంకేటి అబద్దం?" అంది.

సుక్రు చేతిలోంచి సంచీ పట్టీ జారి, సంచీ మళ్ళీ గోడకు ఆనింది.

మామ్మ లోపలికి వచ్చి, చూరులోకి చెయ్యి పెట్టి గుడ్డ చుట్టిన కత్తి తీసింది. నిన్నగాక మొన్న నూరిన కత్తి. ఒక్క క్షణం అరచేతిలో బరువు చూసి, రత్నాలు చేతిలో పెట్టింది.

"దిసారికిచ్చీ. ఈ ఏడు నుంచి ఎవులు కోత్తారో ఆల్నే కోసుకోమను. పదునుగానే ఉందని సెప్పు." తర్వాత కోడలి వైపు తిరిగింది. "మేకని తాడేసి తే. బేగి పదండి. మనింటికోసం ఊరు కూకుంటే బాగోదు."

సుక్రు ముందు నడిచాడు. మేకను పట్టుకుని అమ్మ, కత్తిని రెండు చేతులతో పట్టుకుని రత్నాలు వాకిట్లోకి దిగారు. వెన్నెల చున్నీ సర్దుకుని గడప దాటబోయింది. మామ్మ కర్ర అడ్డం పెట్టింది.

"నువ్వు ఇంట్లోనే ఉండు."

"నేనూ వత్తాను మామ్మా. నేనే సెప్తాను."

"ఒకసారి సెప్పీసినావు కదా. సెప్పాల్సినోల్లకి సెప్పీసినావు." మామ్మ గొంతు తగ్గించింది. "నీ మొకం సూసినాడంటే దిసారి ఇంక ఒక్క మాట అడగక్కర్నేదు. నేను తిన్న కాయ దండగైపోతాది."

వెన్నెల గడప మీదే నిలబడిపోయింది. మామ్మ పెదవి మూల మామిడి రసం తడిగా మెరుస్తోంది. ఒక పచ్చటి పీచు కూడా అంటుకుని ఉంది. వెన్నెల చున్నీ కొస వేలికి చుట్టి, ఆ మూల తుడవబోయింది. మామ్మ ఆ చేతిని మధ్యలోనే పట్టుకుంది. ముసలి వేళ్ళకు సొన జిగురుగా అంటి ఉంది.

"తుడవకు," అంది. "ఉండనీ."

ఆ చేతితోనే మనవరాలిని మెల్లగా లోపలికి నెట్టింది. పగటిపూట ఎన్నడూ మూయని తలుపును రెండు చేతులా దగ్గరికి లాగి, బయటినుంచి గొళ్ళెం పెట్టింది.